సముద్రంలో నాకంటే పెద్ద చేప లేదు

మా డోన్‌లో సముద్రం లేదు. ఆ మాటకొస్తే నీళ్లే సరిగా లేవు. వాన పడితే ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చి, చాన్నాళ్లకు చుట్టపుచూపుగా వచ్చిన మేనమామను చూసినట్టు చూస్తాం. అలాంటి ఊళ్లో రైలుకట్ట అవతల బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుకుంటూ, ముక్కులో మూడొంతులు రాతిదుమ్ముతో బతికే నాకు సముద్రం జబ్బు వచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్లను వదిలేసి, కొండలు దాటి, జంక్షన్‌లో రైలు దిగి, అడ్రసు కనుక్కుని మరీ వచ్చింది.

గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. చెయ్యి వణకకుండా అక్షరం నిలబడుతుందా లేదా చూసుకోవడానికి కొంత. మీ ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంటే ఆమె కంచంలోకి ఒకసారి తొంగి చూడమని చెప్పడానికి మిగతాది.

మొదలు ఎక్కడంటే, గుండె దగ్గర. ఛాతీలో కొంచెం పట్టేసినట్టుందని పోతే ఒక డాక్టరు, "మాంసం తగ్గించండి, అప్పుడప్పుడు చేపలు తినండి" అన్నాడు. అందులో 'అప్పుడప్పుడు' అనే మాట నా చెవిదాకా రాలేదు. మా ఇంటా వంటా తగ్గించడమనేది లేదు. సంగటి ముద్ద అంటే పసిపిల్లవాడి తలకాయంత ఉండాలి. పొట్టేలంటే కొమ్ములు మెలి తిరిగి, ఎదురొచ్చిన బస్సును ఆపేదై ఉండాలి. కాబట్టి చేప అన్నాక అది పడవను తిరగేసే చేప అయ్యుండాలని తీర్మానించాను.

ఏటి చేప వద్దనుకున్నాను. హంద్రిలో ఏమేం కలుస్తాయో కర్నూలు పోయినప్పుడల్లా వంతెన మీద ముక్కు మూసుకుని చూసినవాణ్ణే. "సముద్రం చేపే తెప్పించుకుందాం. అంత పెద్ద సముద్రాన్ని మైల చేసే మొగోడు యాడ పుట్టినాడు?" అన్నాను మా ఆవిడ రమణమ్మతో. నీళ్లు చూడని ప్రాంతంవాళ్లం కదా, నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత శుభ్రమని మా నమ్మకం.

కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో చేపలు దింపుకుని అమ్మే మస్తాన్ నాకు పాత స్నేహితుడు. మొదటిరోజు నెత్తళ్లు చూపించాడు, వేలెడు వేలెడు ఉన్నాయి.

"ఇవి చేపలా, చేపల తల్లోని పేలా?" అన్నాను.

"రుచిగా ఉంటాయన్నా. మా ఇంట్లో ఇవే, లేకుంటే ఇంతంతే ఉండే కవళ్లు."

"మీ ఇంట్లో తినుకోపో. రెడ్డి ఇంటికి ఇవి పోతాండాయని తెలిస్తే వీధిలో తలెత్తుకోగలనా? ఆ పెట్టెలో అన్నిటికన్నా పెద్దది ఏదుంటే అది నాది."

అట్లా సొర వచ్చింది. కొమ్ముకోనాం వచ్చింది, మూతి ముందర ఈటె పెట్టుకుని. వంజరం వచ్చింది. మధ్యాహ్నం పులుసు, సాయంత్రం వేపుడు. ఏడాది దాటినా ఆ వరస తప్పలేదు. తలకాయలు, తోళ్లు మా పిల్లికి. దాని పేరు సర్పంచి. ప్రహరీగోడ మీద అటూ ఇటూ తిరిగి ఊరి మంచిచెడ్డలన్నీ చూసుకుంటుంది, ఒక్క పనీ చెయ్యదు. అందుకని ఆ పేరు.

పోయిన ఏడాది ఉగాది ముందర నందికొట్కూరు నుంచి ఫోనొచ్చింది. కొత్త ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి.

"ఏమప్పా ఓబుల్రెడ్డీ, అద్దంలాంటి బండలని పంపితివే! మా అమ్మ వాటి మీద నాలుగడుగులేస్తే అరికాళ్లు గీరుకపోయినాయి. కొబ్బరి తురుముకునేకి పనికొస్తాయి గానీ ఇంట్లో పరిచేకి కాదు."

బండ మిషన్ దిగాక కళ్లు మూసుకుని నడిమివేలి కొసతో ఒకసారి రాస్తాను, అంతే. ఆవగింజంత గరుకున్నా నా వేలికి తెలుస్తుంది. ఆ వేలి మాట మీద జిల్లా సగం ఇళ్లలో నేల పరిచాను. అలాంటి వేలు అబద్ధం చెప్పింది. పరుగున పోయి ఫ్యాక్టరీలో బండలన్నీ తడిమాను. నున్నగా ఉన్నాయి. అనుమానమొచ్చి పక్కనున్న ఇటుకను తడిమాను. అదీ నున్నగానే ఉంది. గోనెసంచి నున్నగా ఉంది. ఇంటికొస్తే రమణమ్మ మాట కూడా నున్నగా వినిపించింది. అప్పుడు నిజంగా భయమేసింది.

ఎండాకాలమంతా జబ్బు నా ఒంట్లో జాగా పెంచుకుంటూ పోయింది. పెదాల చుట్టూ చీమలు పాకినట్టు. నోట్లో ఇనపమేకు చప్పరించిన రుచి. కాఫీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు కంటే ముందు నేను ఒలికేవాణ్ణి. నడుస్తుంటే నేల తిరణాల్లో రంగులరాట్నం. జన్మలో కల్లు కూడా ముట్టని నన్ను చూసి బజార్లో, "రెడ్డన్న పొద్దున్నే మొదలుపెట్టినాడు" అనుకున్నారు. ఒక డాక్టరు నరాల నీరసమని సూదులు రాశాడు. ఇంకో ఆయన నేను చెప్పేది వినకుండానే మందు మానెయ్యమన్నాడు. దిష్టి అన్నవాళ్లున్నారు. దర్గాలో తాయెత్తు కట్టించారు. నా మొలతాడు మొక్కుల గుడ్డపీలికలు కట్టిన మా ఊరి జెండాచెట్టులా తయారైంది. ఇంత జరుగుతున్నా బలం కావాలని చేప మాత్రం మానలేదు. ఇంకొంచెం పెద్ద ముక్క వేయించుకున్నాను.

ఆషాఢంలో మా కూతురు శిరీష వచ్చింది. వేంపల్లెకు ఇచ్చాం. కొత్త కోడలు ఆషాఢానికి పుట్టింటికి రావడం ఆనవాయితీ కదా, వచ్చిన పిల్లకు ఇక్కడే నెల తప్పిన సంగతి తెలిసింది. వేవిళ్లు ఎక్కువై లేవలేకపోతుంటే, సర్దుకునేదాకా ఉంచుకోమని వేంపల్లెవాళ్లే అన్నారు. ఇంక చూసుకోండి నా హడావుడి. కడుపులో బిడ్డ మెదడుకు చేప మంచిదని ఎవరో చెప్పారు, ఎవరూ చెప్పకపోయినా నేనే చెప్పేవాణ్ణి. మా ఇళ్లలో నడిమి ముక్క మగవాడి కంచంలోకి పోవడం తరాల నాటి వాడుక. ఆ వాడుకను తెంచి, నడిమి ముక్క నా చేత్తో, వణికే చేత్తోనే, నా కూతురి కంచంలో వేశాను. అది కిటికీ దగ్గర కూర్చుని తినేది. ఎప్పుడు చూసినా కంచం కడిగినట్టుండేది. నేను మురిసిపోయేవాణ్ణి.

వినాయక చవితి నాటికి సర్పంచి గోడ ఎక్కడం తప్పింది. ఎగిరింది, గోడ అందలేదు, కింద పడింది. అందరం నవ్వాం. మళ్లీ ఎగిరింది, ఈసారి గోడ లేని వైపుకు ఎగిరింది. నడక చూస్తే అచ్చం నా నడకే.

"నీకు జత దొరికింది బ్బా. ఇద్దురూ ఒగరి భుజం మీద ఒగరు చెయ్యేసుకుని పోండి ఆస్పత్రికి" అంది రమణమ్మ.

తర్వాత వారంలో అది గోడవార చచ్చిపడి ఉంది. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. శిరీష అన్నం ముందు నుంచి లేచి పోయింది. పిల్లికి అంత ఏడుపేమిటి అనుకున్నాను, కడుపుతో ఉన్న పిల్ల కదా అని సర్దిచెప్పుకున్నాను.

దసరా ముందు చొక్కా గుండీ పెట్టుకోవడం రాకుండా పోయింది. అప్పుడు రమణమ్మ నన్ను కర్నూలుకు ఈడ్చుకుపోయింది. నరాల డాక్టరమ్మ గది ముందు బెంచీల మీద రాయలసీమ మొత్తం కూర్చుని ఉంది. ఫ్యాను ఒకటి తిరగాలా వద్దా అని ఆలోచిస్తోంది. రమణమ్మ చీటీ రాయించడానికి పోయిన సందులో నా చొక్కా గుండీలు ఊడిపోయాయి. పెట్టుకోబోతాను, వేలికి గుండీ తెలియదు, గుండీకి వేలు తెలియదు. అంత పెద్ద మనిషిని, మీసమున్నవాణ్ణి, బొజ్జ బయటేసుకుని కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ బొరుగుల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఉంది. ఏమీ అడగలేదు. పొట్లం పక్కనపెట్టి, కింది నుంచి మెడదాకా గుండీలన్నీ పెట్టి, మా నాయనమ్మలా చొక్కా అంచు ఒకసారి కిందికి లాగింది.

"నా కొడుక్కీ ఇట్లనే అయ్యింది నాయనా, ఇప్పుడు సైకిలు తొక్కుతాండాడు. బొరుగులు తింటావా?" అంది.

తిన్నాను. ఏడుపు కనిపించకుండా ఉండాలంటే నోట్లో ఏదో ఒకటి ఉండాలి.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా శిరీష కంటే నాలుగేళ్లు పెద్దదేమో. అన్నీ విని, ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "రోజూ ఏం తింటారు?"

అది నాకు నచ్చిన సబ్జెక్టు. సొరల పొడవు, కొమ్ముకోనాం ఈటె, మధ్యాహ్నం పులుసు, సాయంత్రం వేపుడు, అన్నీ వర్ణించాను. రమణమ్మ నుదురు కొట్టుకుంది.

"ఆయప్ప చెప్పేదాంట్లో సగం తీసెయ్యండమ్మా."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "సగం తీసేసినా చాలా ఎక్కువండీ."

నా జన్మలో నేను చెప్పిన మాట అక్షరాలా నిజమైంది అదొక్కసారే.

రక్తం, వెంట్రుకలు తీసి బెంగళూరుకు పంపింది. రిపోర్టు రాకముందే సగం చెప్పేసింది. పాదరసం కావచ్చట. బొగ్గు మండించే పొగలో ఉంటుందట, ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో ఉంటుందట. వానతోనో, ఏరుతోనో సముద్రం చేరుతుంది. అక్కడ నాచుకు పడుతుంది. నాచును పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను ఇంకొంచెం పెద్దది. తిన్నది పోతుంది గానీ పాదరసం పోదు, ఒకరి ఒంట్లోంచి ఒకరి ఒంట్లోకి పేరుకుంటూ పైకెక్కుతుంది. ఎంత పెద్ద చేప అయితే అంత విషం.

"ఉడకబెడితే పోదా తల్లీ? మా ఆవిడ రాయి కూడా కరిగేలా ఉడకబెడతాది."

"పోదండీ. కండలోనే ఉంటుంది."

"అయితే అన్నిటికన్నా ఎక్కువ సొరలో ఉంటుందన్నమాట."

"కాదు" అంది. "ఆ సొరలను రోజూ తినే చేప ఇంకొకటి ఉంది కదా."

ఆమె ఎటు చూస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ మాత్రమే ఉంది. సముద్రానికి అంత దూరాన, నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో, బండల దుమ్ములో, బంగాళాఖాతంలోకెల్లా పెద్ద చేప కాపురముంటోంది. ఇంకొక రోజైతే ఆ బిరుదుకు మీసం తిప్పేవాణ్ణే.

తిప్పలేకపోయాను. ఆమె వెంటనే అడిగింది. "ఇంట్లో ఇంకెవరు తింటున్నారు? చిన్నపిల్లలు, గర్భిణీలు ఉన్నారా?"

రమణమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి తెలియలేదు గానీ ఆమె మొహం చూసి పట్టుకుందని తెలిసింది. తల్లి తిన్న పాదరసం బిడ్డకు చేరుతుందట. ఇంకా తయారవుతున్న మెదడుకు అది పెద్దవాళ్ల కంటే ఎక్కువ చేటట. తిరుగు బస్సులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా డోన్ చేరడం అదే మొదలు, కండక్టరుకు కూడా అనుమానమొచ్చింది. నడిమి ముక్క. నా చేత్తో. కడిగినట్టున్న కంచం.

మర్నాడే శిరీష వెంట్రుకలు, రక్తం పంపించాం. ఆ మర్నాడు వేంపల్లె నుంచి వియ్యపురాలు సావిత్రమ్మ దిగింది. వార్త రైలు కంటే ముందే పోయింది.

"ఏమన్నా, మా కోడలికి విషం పెట్టేకి పుట్టింటికి పిలిపించుకున్నావా?" అంది గడప దాటకుండానే. "లేమ్మా శిరీషా, బట్టలు సర్దుకో. కాన్పు మా ఇంట్లోనే."

రమణమ్మ లేచింది. "వదినా, నా బిడ్డకు నేను విషం పెడతానా?"

"పెట్టినావని అనలే. పెట్టేదేందో చూసుకోలే అంటాండా."

ఆ మాటకు రమణమ్మ ఏడ్చింది. నేను లేవబోయి తూలి గోడ పట్టుకున్నాను. అప్పుడు శిరీష మధ్యలోకి వచ్చింది.

"అత్తా, నేను యాడికీ రాను. నాయనా, నువ్వట్ల సూడొద్దు. నేను ఆ చేప తినలే."

"కంచం కడిగినట్టుండేది కదమ్మా!"

"వచ్చినప్పుడు కొన్ని రోజులు తిన్నా. తర్వాత ఆ వాసనకే కడుపులో తిప్పేది. వద్దంటే నీ మొహం చిన్నబోతాదని కిటికీలోంచి సర్పంచికి ఏస్తాంటి. అది కిటికీ కిందే కాచుకోనుండేది, పాపం." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దాన్ని నేనే సంపినా నాయనా. అందుకే చెప్పలేకపోతి."

సావిత్రమ్మ అప్పుడు గడప దాటి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. నాకు కళ్ల ముందు గోడ కనిపించింది, దాని వైపు ఎగిరి అందక పడిన పిల్లి కనిపించింది. నా ప్రేమ ఎవరి ఒంట్లోకి పోవాల్సింది, ఎవరి ఒంట్లోకి పోయింది! ఐదేళ్లు ఏ పనీ చెయ్యలేదని ఆడిపోసుకున్న సర్పంచి ఆ ఒక్క పని చేసి పోయింది.

సావిత్రమ్మ ఆ పూట తిరిగి పోలేదు. రాత్రి సంగటి తనే కెలికింది. రిపోర్టు వచ్చేదాకా ఉంది. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ, కోడలికి చెరొక వైపు కాపలా కాశారు. శిరీష కొన్ని రోజులు తిన్నానంది కదా, ఆ కొన్ని రోజులే మా అందరి గొంతులో ముల్లు.

దీపావళికి ముందు రిపోర్టులు వచ్చాయి. నాది చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. నేను ఏది చేసినా అట్లానే ఉంటుంది మరి. శిరీషది ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ. "భయపడేంత కాదు, ఇక పెద్ద చేప ముట్టకపోతే దిగిపోతుంది, బిడ్డ పుట్టాక మాత్రం ఎదుగుదల గమనిస్తూ ఉండాలి" అంది. 'కొంచెం' అనే మాటను అంతకుముందు నేనెప్పుడూ గౌరవించలేదు. ఆ రోజు దానికి చేతులెత్తి మొక్కాను.

నాకు పెద్దగా మందంటూ లేదు. మానెయ్యడం, ఓపిక పట్టడం. రెండూ మా వంశంలో లేవు. మంచంలో పడుకుని పైకప్పు చూస్తూ కోపం పెంచుకున్నాను. ఎవరి మీద? పొగగొట్టం పెట్టినవాడి మీదా, మురుగునీళ్లు వదిలినవాడి మీదా. వాణ్ణి పట్టుకుని, "ఏమప్పా, సముద్రంలోకి ఇదేం పని?" అంటే ఏమంటాడో నాకు తెలుసు. "అంత పెద్ద సముద్రం, దానికేమవుతాది?" అంటాడు. సరిగ్గా నేను రమణమ్మతో అన్న మాటే. ఆ మాటను నమ్ముకుని వాడు పోశాడు, నేను తిన్నాను. మధ్యలో సొర ఉంది. దానికి వేళ్లు లేవు, తిమ్మిరెక్కితే చెప్పుకోవడానికి. ఎర ఇటుంటే అటు దూకుతుందేమో, మా సర్పంచిలా. దానికి కర్నూలు లేదు, గుండీలు పెట్టే ముసలమ్మ లేదు. సముద్రం మాది కాదని సీమవాళ్లం ఊరుకుంటాం గానీ, మా హంద్రి తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో కలిసి పోయేది ఎక్కడికి? మనం పోసిందే ఐసు పెట్టెలో మనకు తిరుగు టపా.

లేచి నిలబడగలిగిన మొదటిరోజు ఒక నిలువెత్తు నల్లబండ తెప్పించి చెక్కించి, ఫ్యాక్టరీ ముందు రోడ్డువైపు పాతించాను. 'కడుపుతో ఉన్న బిడ్డకు సొర, కొమ్ముకోనాం, వంజరం పెట్టొద్దు. ప్రేముంటే చిన్న చేప పెట్టండి.' మా ఇంటి సింహద్వారం కూడా అంత ఎత్తుండదు.

వారం తిరక్కముందే చేపల వ్యాపారులు గుంపుగా వచ్చారు. ముందు మస్తాన్.

"రెడ్డన్నా, ఆ రాయి తీసెయ్. నా యాపారం ముంచుతాండావు. నేనేమన్నా విషం కలిపి అమ్మితినా?"

"లేదప్పా. నువ్వు నెత్తళ్లు ఇస్తే నేనే కదా పేలన్నా. అదే రాసినా చూడు, చిన్నవి పెట్టమని. చిన్నవి తెచ్చి అమ్ము, మొదటి గిరాకీ నేనే."

"పెద్దోళ్లు చిన్నవి కొనరన్నా."

"ఇప్పుడు కొంటారు. డోన్‌లో అందరికన్నా పెద్ద చేప కొంటాంటే మిగతావాళ్లు కొనరా?"

వెనక ఒకడు, "మర్యాదగా చెరిపేస్తావా, మమ్మల్ని చెరపమంటావా?" అన్నాడు.

"చెరుపు. కాగితం కాదు చింపేకి, గోడ కాదు సున్నం కొట్టేకి. రాయి. దాన్ని చెరపాలంటే పాలిష్ మిషన్ ఎక్కించాల. మిషన్ నాది. నేను పట్టను."

మస్తాన్‌కు నవ్వొచ్చింది. వాడు నవ్వితే గుంపు పలచబడింది. రాయి అక్కడే ఉంది. ఈ మధ్య కుర్రవాళ్లు దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. దిగితే దిగనీ, చదవకుండా ఎట్లా దిగుతారు?

మాఘమాసంలో శిరీషకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకు రైల్వే గేటు పడిందని నేనంటే, సావిత్రమ్మ కూడా సగం తీసెయ్యలేదు. డాక్టర్లు వెలుగు చూపించి కళ్లు చూశారు, చప్పుడు చేసి చెవులు చూశారు. అన్నీ సవ్యంగా ఉన్నాయి, చూపించుకుంటూ ఉండండి అన్నారు. చూపిస్తూనే ఉన్నాం. పేరు పెట్టిన రోజు వేంపల్లె చుట్టాలందరికీ నెత్తళ్ల వేపుడు వడ్డించాను. రెడ్డి ఇంట్లో ఇంత చిన్న చేపలా అని ఒకాయన గొణిగాడు. "మీకు పెద్ద చేపను చూడాలనుందా? ఎదురుగా నిలబడి వడ్డిస్తాంది, చూసుకోండి" అన్నాను.

సర్పంచిని పూడ్చినచోట, గోడవార, పోయిన నెల ఒక బండ పరిపించాను. ఎండ పడదని శిరీష మధ్యాహ్నం బిడ్డను అక్కడ వదులుతుంది. అది గోడ పట్టుకుని లేచి నిలబడుతోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. అది పడిన ప్రతిసారీ నా ఊపిరి ఆగుతుంది. అది లేచాక మళ్లీ మొదలవుతుంది. పిల్లలందరూ పడతారు బ్బా అంటుంది రమణమ్మ.

మొన్న దాని పక్కన చతికిలబడి ఉన్నాను. పాక్కుంటూ పోతున్న బిడ్డ మోకాలు ఎర్రబడిందేమిటా అని బండ మీద చెయ్యి వేశాను. అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని నడిమివేలి కొసతో రాశాను. వేలు ఆగింది. మళ్లీ రాశాను. ఉంది, ఒక మూలన, ఆవగింజంత గరుకు.

ఫ్యాక్టరీ దాకా వినపడేట్టు అరిచాను: "ఎవుడప్పా ఈ బండకు పాలిష్ పట్టింది? పెరికి మళ్లా మిషన్ ఎక్కించండి! నా మనవరాలి మోకాలు గీరుకపోతాంది!"